జతచేసిన మొహం

"నోరు తెరవండి," అన్నాడు డాక్టరు. "ఇంకాస్త. ఇంకాస్త. ఆ, చాలు. మీ ఆయన ప్రాణం మీదికి వచ్చింది."

పిచ్చుక కుర్చీలోంచి దిగ్గున లేవబోయింది. డాక్టరు ఆమె నుదుటి మీద ఒక్క వేలు ఆనించి మళ్ళీ వెనక్కి పడుకోబెట్టాడు. బుగ్గలో ఇంత దూది కుక్కాడు. డ్రిల్లు మిషన్ ఆన్ చేసి గాల్లో ఆడిస్తూ ఉండిపోయాడు.

గూఢచారుల డిపార్ట్‌మెంట్‌కి ఆ పంటి ఆసుపత్రిని మించిన ఆఫీసు లేదు. డాక్టరు మాట్లాడుతూనే ఉంటాడు, పేషెంటు నోరు మెదపదు, చూసేవాళ్ళకి అందులో వింతేమీ కనిపించదు. ఎవరైనా గోడలో మైకు దాచినా డ్రిల్లు మోతకి దాని చెవులు చిల్లులు పడాల్సిందే. పైగా ఆయన నిజంగానే పళ్ళు పీకేవాడు. పీకే పద్ధతి చూసి ఎవరూ రెండోసారి రాకపోవడం డిపార్ట్‌మెంట్‌కి ఇంకా కలిసొచ్చింది.

"కొంగ సంగతి," అన్నాడు.

డిపార్ట్‌మెంట్‌లో అందరికీ పిట్టల పేర్లే. కొంగ అంటే ఆమె భర్త. చుట్టాలకీ ఇరుగుపొరుగుకీ ఆయన సరుకుల ఓడ మీద ఇంజనీరు. నిజానికి ఓడ ఎలా ఉంటుందో కూడా ఆయనకి సరిగ్గా తెలియదు. ఒక విదేశీ ముఠాలో డ్రైవరుగా చేరి చాలా కాలమైంది. ఆ ముఠా వ్యాపారం ఒక్కటే: మొహాలు కొనడం. మారుపేర్లతో శత్రువుల మధ్య బతుకుతున్న మన మనుషుల ఫోటోలు ఎవరమ్మితే వాళ్ళ దగ్గర కొంటారు. ఫోటో చేరిన మర్నాటికి ఆ మొహం ఇక ఎక్కడా కనిపించదు.

"ఆ మొహాలు అమ్మేది మనలో ఒకరే. ఎవరో నిన్న తేలింది. నెమలి."

"ఆఁ?" అంది పిచ్చుక దూదిలోంచి.

"అవును, మీ నెమలక్కే. మనం జీతమిచ్చి ఒక డేటా కంపెనీలో కూర్చోబెట్టాం. అవతలివాళ్ళు ఆవిడ ఫోటో ఒకటి తీసి పెట్టుకుని ఇంకో జీతం ఇస్తున్నారు. ముఠా ఇంట్లో మన మనిషి ఒకడు దూరాడని ఆవిడకి తెలిసిపోయింది. కొంగ ఫోటో ఆవిడ దగ్గరుంది. ఈ మధ్యాహ్నం పంపుతుంది."

"ఊఁ ఆఁ ఊఁ!"

"పట్టుకుని లోపలెయ్యచ్చు కదా అనేగా? వేస్తే ముఠాకి అరగంటలో తెలుస్తుంది. ఎవరికోసం వేశామా అని ఇంట్లో అందర్నీ వరసగా నిలబెడతారు. పోనీ ఆ ఇంటి తలుపులు బద్దలు కొడదామంటే మొదటి గుండు తగిలేది మనవాడికే. ముందు అతను బయటికి రావాలి. డ్రైవరు కాబట్టి ఎవరినైనా తీసుకురమ్మంటే తప్ప వాళ్ళు గేటు దాటనివ్వరు. ఈలోగా ఆ ఫోటో చేరకూడదు. నెమలికి అనుమానమూ రాకూడదు."

డాక్టరు చిన్న అద్దం ఆమె నోట్లో పెట్టి, లోపలేదో బ్రహ్మాండమైన విషయం కనిపించినట్టు తొంగి చూశాడు.

"మనవాళ్ళందరివీ లాగే నెమలి స్మార్ట్‌ఫోనూ, ఇంటి ఇంటర్నెట్టూ మన నిఘాలో ఉన్నాయి. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ముఠాతో మాట్లాడ్డానికి ఒక పాత బటన్ ఫోన్ పెట్టుకుంది. దాంట్లో మెసేజిలు వెళ్తాయి, ఫోటోలు వెళ్ళవు. ఇన్నాళ్ళూ వాటిని కొరియర్లో పంపింది, ఈసారి అంత టైము లేదు. ఆ కంపెనీలో డెస్కుల మీదున్న కంప్యూటర్ల మెయిళ్ళన్నీ తనిఖీ అవుతాయి. కానీ సర్వర్ గదిలో ఒక మెషీను రోజూ మధ్యాహ్నం తనంతట తనే రిపోర్టులు మెయిల్ చేస్తుంది. దాని మెయిల్ ఎవరూ విప్పి చూడరు. దాని ముందు కూర్చుని, రిపోర్టుల మధ్యలో ఫోటో జతచేసి తోసేస్తుంది. అక్కడ మౌసుండదు, బొమ్మలుండవు. నల్ల తెర, దాని మీద ఆజ్ఞలు టైపు చేసే కమాండ్ లైను. మీకు వచ్చు. ట్రైనింగులో మీకు సరిగ్గా వచ్చింది అదొక్కటే. షూటింగు సంగతి ఇప్పుడెందుకులెండి."

వేషం ఏసీ మెకానిక్కుది. నీలం డ్రెస్సు, టోపీ, ముక్కుకి మాస్కు, టూల్‌బాక్సు. చెవికమ్మలో స్పీకరు. స్క్రూడ్రైవరు పిడిలో మత్తు సూది. సర్వరు పాస్‌వర్డు మందుల చీటీ మీద మందు పేరులా రాసిచ్చాడు. పని అయితే ఫోన్ చేసి 'పన్ను ఊడింది' అనాలి.

అప్పటికి దూది తీశాడు.

"పాపకి జ్వరం," అంది పిచ్చుక.

"ఏమిటి?"

"పొద్దున్నుంచి. అత్తయ్య దగ్గర వదిలొచ్చాను."

డాక్టరు చేతులు కడుక్కుంటూ అటు తిరిగాడు. "సాయంత్రానికి ఇంట్లో ఉంటారు."

"నేనా? ఆయనా?"

డాక్టరు కొళాయి ఇంకాస్త తిప్పాడు.

*

ఆ వీధి మలుపు తిరిగేలోపే ఫోన్ మోగింది.

"ఏమ్మాయ్, ఇంకా ఎన్ని పళ్ళున్నాయి నీకు?" అంది అత్తగారు. "మొసలికి కూడా ఇన్నిసార్లు చూపించరు."

"అయిపోవచ్చింది అత్తయ్యా. పాపకెలా ఉంది?"

"ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. మందు పోస్తే నా చీర మీద ఊసింది. నాన్న కావాలట. ఏ నాన్నని తెచ్చివ్వను? ఆ మహానుభావుడు నడిసముద్రంలో కూర్చుని తల్లికి ఫోన్ చెయ్యడానికి కూడా తీరిక లేనంత బిజీ. వాడు రానీ, చెవి పట్టుకుని మెలిపెట్టి..."

"తడిగుడ్డ వెయ్యండి అత్తయ్యా. నుదుటి మీద ఒక్కటే కాదు, చంకల్లో కూడా."

"ముగ్గుర్ని పెంచాను. నాకు చెప్పొచ్చావు." పెట్టేసింది.

పిచ్చుక ఫోన్ని అలాగే చెవికి ఆనించుకుని నడిచింది. పాప ఏడుపేమైనా వినిపిస్తుందేమోనని, లైను తెగిపోయాక కూడా. ఇంట్లో ఒక ప్రాణం కాగిపోతోంది. ఎక్కడో పేరు తెలియని ఇంట్లో ఇంకో ప్రాణం స్టీరింగు తుడుచుకుంటూ నిలబడి ఉంటుంది, తన మొహం ఒక మెషీనులో ప్రయాణానికి సిద్ధంగా ఉందని తెలియక. ఏ వైపుకి పరిగెత్తాలో కాళ్ళకి తెలియడం లేదు. చివరికి అవి అలవాటు కొద్దీ డ్యూటీ వైపే వెళ్ళాయి.

డేటా కంపెనీ గేటు దగ్గర గార్డు టూల్‌బాక్సు తెరిపించాడు.

"ఆడ మెకానిక్కా?" అన్నాడు.

"ఏసీకి తేడా తెలీదన్నా," అంది. గార్డు నవ్వి వదిలేశాడు.

సర్వర్ గది చలి ఎముకల్లోకి దిగింది. బీరువాల్లాంటి నల్ల ర్యాకులు వరసలుగా నిలబడి ఉన్నాయి. పచ్చదీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. ఫ్యాన్ల హోరు ఎంతుందంటే, చెవికమ్మలోంచి డాక్టరు ఏదో అంటున్నాడు గాని అది 'జాగ్రత్త' అన్నా 'పుక్కిలించండి' అన్నా ఒకేలా ఉంది. లక్షలు పోసి చేయించిన స్పీకరు ఉత్త అలంకారమైపోయింది. పిచ్చుక దాన్ని తీసి జేబులో వేసుకుంది. ఇక ఒంటరిదే.

గోడ వారనున్న ఏసీ మూత విప్పి ఫిల్టరు బయటికి లాగిందో లేదో, తలుపు బీప్‌మంది.

ముందు సెంటు వాసన వచ్చింది. తర్వాత నెమలి వచ్చింది.

ముదురాకుపచ్చ చీర, భుజం మీంచి జారే జుట్టు, నడకలో ఎక్కడా తొందర లేదు. ట్రైనింగు రోజుల్లో ఆమె మెస్సులోకి వస్తే వడ్డించేవాళ్ళు గరిటె పట్టుకుని మర్చిపోయేవాళ్ళు. ఇప్పుడూ ఆ మెరుపు తగ్గలేదు. పిచ్చుక మొహం ఏసీలోకి దూర్చింది.

"ఎంతసేపు పడుతుంది?" అంది నెమలి.

"ఫిల్టరు నిండా దుమ్మే మేడం," అంది పిచ్చుక, గొంతు బొంగురు చేసి.

"కానివ్వు."

హోరు మధ్యలోనూ కీబోర్డు టకటక గట్టిగానే ఉంది. పిచ్చుక వెనక్కి చూడలేదు. చూడకుండానే లెక్క తెలుస్తోంది. ఇది మెయిల్ పంపే ఆజ్ఞ. ఇది విషయం పేరు. ఇది చిన్న గీత, ఎ అనే అక్షరం: జతచెయ్యి. ఇది ఫైలు పేరు. ఇది చిరునామా. తర్వాత ఎంటర్ అనే పెద్ద మీట దబ్‌మని.

ఆపైన ఏమీ లేదు. పంపాం అని లేదు, చేరింది అని లేదు, గుర్తు లేదు, గంట లేదు. నల్ల తెర మీద కొత్త లైనులో కర్సరు రెప్పలార్పుతూ ఉండి ఉంటుంది, అంతే. కమాండ్ లైను మనుషులకి అదే పెద్ద శుభవార్త. తప్పు జరిగితేనే అది నోరు తెరుస్తుంది. మాట్లాడలేదంటే పని అయినట్టే.

నెమలి నవ్వుకోవడం వినిపించింది. "తలుపు వేసి వెళ్ళు," అని వెళ్ళిపోయింది.

అంతా కలిపి పిచ్చుక చేతిలో ఫిల్టరు మీది దుమ్ము నేల రాలినంత సేపు పట్టింది. పోయింది. ఆయన మొహం పోయింది. స్క్రూడ్రైవరు గుచ్చాల్సింది, ఏసీ మూతతో తల మీద కొట్టాల్సింది, ఏదైనా చెయ్యాల్సింది! నెమలికి అనుమానం రాకూడదని డాక్టరన్న మాట ఒక్కటే పట్టుకుని బొమ్మలా నిలబడింది.

కీబోర్డు దగ్గరికి ఉరికింది. చీటీ మీదున్న మందు పేరు కొట్టింది. మెషీను లోపలికి రానిచ్చింది. ఇంకా బయటికి వెళ్ళని మెయిళ్ళ వరస చూపించమంది.

తెర మీద ఒక్క లైను వచ్చింది. ఒక్క ఉత్తరం. ఇంకా ఇక్కడే ఉంది!

ఎందుకు ఆగిందో కిందనే రాసి ఉంది. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆమెకి. అవతలి సర్వరు అంది: నువ్వెవరో నాకు తెలియదు, కాసేపాగి మళ్ళీ రా.

ముఠావాళ్ళకి ఎవరి మీదా నమ్మకం లేదు. తమ మెయిల్ సర్వరు గుమ్మంలో ఒక ముసలి కాపలాదారు లాంటి నియమం పెట్టుకున్నారు. మొదటిసారి తలుపు తట్టినవాడు ఎవడైనా సరే, 'తర్వాత రా' అని పంపెయ్యడమే. చెత్త మెయిళ్ళవాడైతే మళ్ళీ రాడు. నిజమైనవాడైతే కాసేపాగి అదే చిరునామాలతో మళ్ళీ తడతాడు, అప్పుడు తీస్తారు. ఈ మెషీను వాళ్ళకి కొత్త. వాళ్ళ మనిషి పంపిన ఉత్తరాన్నే వాళ్ళ గుమ్మం తిప్పి కొట్టింది. తెర ఏమీ అనలేదు కదా అని నెమలి వరస వంక చూడనే లేదు.

ఉత్తరం విప్పి చూపించమంది. పైన రెండే ముక్కలు: మీ ఇంట్లో దూరిన దొంగ మొహం జతచేశాను. చూసుకోండి.

దాని కింద ఫోటో. ఫోటో అంటే ఫోటోలా కాదు. నల్ల తెరకి బొమ్మలు రావు. తలాతోకా లేని అక్షరాలు, అంకెలు, తెర నిండా, తెర దాటి, పుట్టలోంచి చీమలు పొంగినట్టు పొంగుకుంటూ పోతున్నాయి. వాటిలో ఎక్కడో ఆయన కళ్ళున్నాయి. ఎక్కడో ఆ ఎడమ కనుబొమ్మ మీది గాటు ఉంది. పాప పుట్టినప్పుడు దాని తల ఎత్తి పట్టుకోవడం చేతకాక బిక్కమొహం వేసిన మొహం ఉంది. పిచ్చుక తనకు తెలియకుండానే తెర మీద వేలు పెట్టింది. చల్లగా ఉంది.

జేబులో ఫోన్ అదిరింది. అత్తగారే. పాపకి ఏమైంది? ఎక్కువైందా? అదిరి అదిరి ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది. ఎత్తలేదు. పళ్ళు బిగపట్టి మళ్ళీ వరస చూసింది.

ఉత్తరం నెంబరు పక్కన ఇందాక లేని చుక్కగుర్తు వచ్చింది. ఆ చుక్కకి ఒకటే అర్థం: మెషీను మళ్ళీ బయల్దేరింది. ఇప్పుడే తలుపు తడుతోంది!

నెంబరు కొట్టింది. వేళ్ళు చలికి కొంకర్లు పోయి ఒక అంకె తప్పు పడింది. అలాంటి ఉత్తరం లేదంది మెషీను. చెరిపి మళ్ళీ కొట్టింది. పెద్ద మీట.

ఒక ఉత్తరం తొలగించబడింది.

వెళ్ళాక తొలగిందా, వెళ్ళకముందా? మెయిళ్ళ చిట్టా తెరిచింది. చివరి లైను వరకు కిందికి పాకింది. ఆ ఉత్తరం పక్కన 'పంపబడింది' అనే మాట ఎక్కడా లేదు. అప్పటికి ఊపిరి వదిలింది. నోట్లోంచి ఆవిరి వచ్చింది.

కానీ ఇది అయిపోయినట్టు కాదు. ఫోటో రాలేదని ముఠావాళ్ళు నెమలిని అడుగుతారు. నెమలి వచ్చి మళ్ళీ పంపుతుంది. ముఠావాళ్ళు అందిందన్నాక చెరిపేద్దామని కాబోలు, ఆ ఫోటో ఫైలు ఇంకా మెషీనులోనే ఉంది. చెరిపేస్తే? ఎవరో చెరిపారని తెలిసిపోతుంది. ఇంకో కాపీ తెస్తుంది.

ఏదో ఒక మొహం వెళ్ళి తీరాలి. వెళ్తేనే వాళ్ళు నెమ్మదిస్తారు. ఆ మొహం గలవాళ్ళని తీసుకురమ్మంటారు. తీసుకురమ్మంటే...

డ్రైవరు గేటు దాటుతాడు.

గేటు కార్డుల ఫోటోలు కూడా ఈ మెషీనులోనే ఒక ఫోల్డరులో ఉన్నాయి, ఉద్యోగుల పేర్లతో. నెమలి ఈ ఆఫీసులో వాడే పేరుని పిచ్చుక వెతికింది. ఆ ఫోటోని తెచ్చి ఆయన ఫోటో మీద పరిచేసింది. పాత పేరే, పాత చోటే. లోపలున్న మొహం మాత్రం మారింది. నల్ల తెర మీద మొహాలు కనిపించవు. పేరే కనిపిస్తుంది.

ఇక పంపడమే మిగిలింది. ఆజ్ఞ మొదటి అక్షరం కొట్టిందో లేదో, తలుపు బీప్‌మంది.

*

"ఏసీ రిమోట్ అనుకున్నావా అది?" అంది నెమలి. ఒక చేతిలో బటన్ ఫోను. ఇంకో చెయ్యి హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న తుపాకీతో బయటికొచ్చింది. "మాస్కు తియ్యి."

తీసింది.

నెమలి కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత పకపకా నవ్వింది. "ఏమే! నువ్వా! పెళ్ళయ్యాక పిల్లనెత్తుకుని ఇంట్లో కూర్చున్నావనుకున్నానే! ఇంత సన్నబడిపోయావేమే, తిండి పెట్టడం లేదా మీ అత్త?"

"అక్కా, నా మాట విను..."

"ముందు ఆ స్క్రూడ్రైవరు కింద పడెయ్. నాకు తెలీదా? నాకూ ఒకటిచ్చారు. దాంతో ఒకసారి నిజంగానే స్క్రూ తిప్పబోయి రోజంతా నిద్రపోయాను."

స్క్రూడ్రైవరు నేల మీద దొర్లింది.

"ఫోటో రాలేదని నాకు మెసేజ్ పెట్టారు. కమాండ్ లైను అబద్ధం చెప్పదే, ఏమైందబ్బా అనుకుంటూ వచ్చాను." తెర వైపు చూసింది. "తీసేశావు, కదూ? మొగుడి మీద ప్రేమ. ఏం చేస్తావులే. ఆ ఫోటో మీ పెళ్ళిలో నేనే తీశాను, గుర్తుందా? అందంగా వచ్చాడు. కూర్చో. నువ్వే పంపు."

"ఏంటి?"

"నా ఒక చెయ్యి ఖాళీ లేదు కదే. నువ్వే కొట్టు. నీ చేత్తో పంపితే నాకూ ఒక ముచ్చట."

పిచ్చుక కూర్చుంది. కన్నీళ్ళు వచ్చాయి. వాటిని తెచ్చుకోవాల్సిన పనిలేకపోయింది, పొద్దున్నుంచీ కళ్ళ వెనకే నిలబడి ఉన్నాయి. ఒక్క భయమే లోపల నిజం: నెమలి ఆ ఫైళ్ళ పట్టీ వంక సరిగ్గా చూస్తే, పేరు పక్కనే ఉన్న సైజు చూస్తే, ఇందాకటి దానిలో సగం లేదని తెలిసిపోతుంది.

"ఫైలు ఉందో లేదో చూపించు ముందు."

చూపించింది. పేరు వచ్చింది. నెమలి వంగింది. సెంటు వాసన పిచ్చుక మెడ మీదుగా తెర దాకా పాకింది.

"ఉంది. చెరపడానికి టైము చాల్లేదా పాపం. కొట్టు."

అప్పుడు పిచ్చుకకి అర్థమైంది. ఊరికే పంపిస్తే నెమలి అనుమానిస్తుంది. ఏ పెళ్ళామైనా చివరిదాకా మోసం చెయ్యాలనే చూస్తుంది. మోసం చెయ్యాలి. దొరికిపోవాలి.

ఆజ్ఞ కొట్టింది. విషయం పేరు కొట్టింది. ఇందాకటి ఉత్తరంలోని మాటలే రాసింది. చిరునామా కొట్టింది. చివర ఒక బాణం గుర్తు పెట్టి, ఫైలు పేరు రాసి, మీట మీద వేలు పెట్టబోయింది.

"ఆగాగు!" తుపాకీ మొన చెవి వెనక చల్లగా తగిలింది. "ఎవరి దగ్గరే నీ వేషాలు? బాణం పెడితే అది జతచెయ్యడమా? ఫోటోని తీసుకెళ్ళి ఉత్తరంలో పోసెయ్యడం. అవతలివాళ్ళకి చెత్త అక్షరాలు కనిపిస్తాయి, వాళ్ళు నన్ను తిడతారు. చెరుపు."

చెరిపింది. మళ్ళీ కొట్టింది. ఈసారి ఫైలు మాటే ఎత్తకుండా చిరునామా రాసి ఆపేసింది.

"జత ఏదీ?" అంది నెమలి. "గీత ఏదీ, ఎ ఏదీ? ఉత్తి ఉత్తరం పంపిస్తావా? దొంగ మొహం జతచేశానని రాసి మొహం లేకుండా పంపితే నేను దొంగనవ్వనూ? ట్రైనింగులో నీకు ఫస్టు మార్కులిచ్చింది ఎవడే?"

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. పాపకి ఒంట్లో బాగాలేదు. నాన్న నాన్న అని ఏడుస్తోందట. ఆయన్ని వదిలెయ్. నన్ను పంపించు, నా ఫోటో పంపించు..."

"జరుగు."

ఎడమ చేత్తో, నెయిల్ పాలిష్ మెరుస్తుండగా, నెమలి తనే కొట్టింది. చిన్న గీత. ఎ. ఫైలు పేరు మొదటి అక్షరాలు కొట్టి మిగతాది మెషీను చేతే పూరింపించింది. మీట నొక్కింది.

తెర ఏమీ అనలేదు.

ఇందాకటి తప్పు మళ్ళీ చెయ్యకూడదని ఈసారి వరస కూడా చూసింది. ఖాళీ. ఇందాక తట్టినవాళ్ళే మళ్ళీ వచ్చారని గుమ్మంలో ముసలాయన గుర్తుపట్టినట్టున్నాడు. చిట్టాలో చివరి లైను: పంపబడింది. స్వీకరించబడింది.

"చూశావా," అంది నెమలి, "ఎంత సులువో."

పిచ్చుక మొహం రెండు చేతుల్లో దాచుకుంది. ఆ సమయంలో తన మొహం ఎవరూ చూడకపోవడమే మంచిది.

కాసేపటికి బటన్ ఫోను కిచకిచమంది. నెమలి చదివింది. పైకే చదివింది, ఆనందం పట్టలేక. "చూశాం. డ్రైవర్ని పంపుతున్నాం. కింద నిలబడు. ఎవరికీ చెప్పకు." ఫోను బ్యాగులో పడేసింది. "మొదటిసారి ఇంటికి పిలుస్తున్నారే! ఇన్నాళ్ళూ మెసేజిలే. పద, నువ్వూ రా. ఒక మొహం అడిగితే రెండిచ్చానని సంబరపడతారు. టూల్‌బాక్సు పట్టుకో, గార్డుకి అనుమానం రాకూడదు. తుపాకీ బ్యాగులోనే ఉంటుంది, నా వేలు దాని మీదే ఉంటుంది."

గేటు దగ్గర గార్డు, "ఏసీ బాగైందా?" అన్నాడు.

"చాలా చల్లబడింది," అంది నెమలి.

*

వీధిలో ఎండ కళ్ళు పొడిచింది. నల్లటి కారు వచ్చి ఆగింది. డ్రైవరు దిగలేదు. టోపీ కళ్ళ దాకా ఉంది. నెమలి వెనక తలుపు తీసి పిచ్చుకని లోపలికి తోసి, తనూ ఎక్కి, చీర సర్దుకుంది.

"పోనీ," అంది.

తలుపులు టక్‌మని లాకయ్యాయి. కారు కదల్లేదు. డ్రైవరు టోపీ తీసి వెనక్కి తిరిగాడు.

మీసం లేదు. బుగ్గలు లోపలికి పోయాయి. ఎడమ కనుబొమ్మ మీద గాటు మాత్రం అలాగే ఉంది.

"బాగున్నావా నెమలక్కా?" అన్నాడు కొంగ. "ఫోటో అందింది. నన్నే పిలిచి చూపించారు. మొహాలమ్మే ఈవిడ మొహాన్నే ఎవరో పట్టించారు, రెండు వైపులా తింటోందట, నవ్వుతూ తీసుకురా, దారిలో ఏమీ అనకు అన్నారు."

నెమలి నోరు తెరిచింది. మూయడం మర్చిపోయింది. మర్చిపోయిన ఆ కాస్త సేపట్లోనే పిచ్చుక టూల్‌బాక్సు ఎత్తి హ్యాండ్‌బ్యాగు మీద దభీమని వేసింది. బ్యాగులో తుపాకీ పేలి కారు నేలకి చిల్లు పడింది. నెమలి కెవ్వుమంది. కొంగ సీటు మీంచి వంగి ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. పిచ్చుక రెండో చేతిని తన ఒళ్ళంతా వేసి అదిమేసింది. ట్రైనింగులో నేర్పిన పట్టు కాదది. మందు తాగనని మొరాయించే పిల్లని పట్టుకునే పట్టు.

ఏసీ పైపుల టేపుతో చేతులు చుట్టేశాక గాని మొగుడూ పెళ్ళాలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

"పాప?" అన్నాడు.

"జ్వరం. అత్తయ్య ఫోన్ చేస్తూనే ఉంది. నేనెత్తలేదు. నాకు భయమేస్తోంది, నువ్వు పోనియ్ ముందు."

కారు ఎగిరి దూకింది. పిచ్చుక ముందు డాక్టరుకి చేసింది. "పన్ను ఊడింది," అంది. "పక్క పన్ను కూడా క్షేమం. ఇక ఆ ఇంటి తలుపులు ఎలా కొట్టుకుంటారో కొట్టుకోండి." అటు నుంచి ఎవరో పేషెంటు మూలుగు వినిపించింది. దాని మీదుగా డాక్టరు గొంతు తేలిగ్గా, "శుభ్రంగా పుక్కిలించండి," అంది. ముఠా వీధి చివర పొద్దున్నుంచి గోతులు తవ్వుతున్నట్టు నటిస్తున్న మన మనుషులు అప్పటికే పారలు కింద పడేసి ఉంటారు.

తర్వాత ఇంటికి చేసింది.

"ఎన్నిసార్లు చెయ్యాలే నీకు!" అంది అత్తగారు. "ఫోను కూడా పీకించుకున్నావా పంటితో పాటు?"

"అత్తయ్యా, పాప..."

"చెమట పట్టింది. జ్వరం దిగింది. గిన్నెడు జావ తాగి నా కళ్ళజోడు విరగ్గొట్టింది. ఆ కబురు చెబుదామనే చేస్తున్నాను."

పిచ్చుక ఫోను స్పీకరులో పెట్టి ముందు సీటు వైపు చాచింది.

"వింటున్నావా? అచ్చం వాళ్ళ నాన్న పోలికే. వాడూ అంతే, జ్వరం దిగితే వస్తువు విరగాలి. ఆ ఓడ మీద తింటున్నాడో లేదో వెధవ. ఏం, మాట్లాడవు? ఏడుస్తున్నావా? పన్ను నొప్పిగా ఉందా? ఇంటికి రా, జావ మిగిల్చాను."

కొంగ స్టీరింగు మీద రెండు చేతులూ బిగించి పట్టుకుని తిన్నగా ముందుకే చూస్తున్నాడు. దారి సరిగ్గా కనిపిస్తున్నట్టు లేదు.

"కాస్త ఎక్కువే మిగల్చండి అత్తయ్యా," అంది పిచ్చుక.

రెండు సిగ్నళ్ళు దాటాక వెనక సీటులోంచి నెమలి గొంతు సవరించుకుంది.

"మార్చింది నువ్వేనా?"

"మార్చింది నేను. జతచేసింది నువ్వు."

"ఏ ఫోటో పెట్టావు? ఆఫీసు పార్టీదా? నీలం చీరలో ఉన్నది?"

"గేటు కార్డుది."

"ఆ రోజు నాకు జలుబు," అంది నెమలి. తుపాకీ పోయినప్పుడు రాని ఏడుపు ఆమెకి అప్పుడు వచ్చింది.